ఓడలో చమురు ఎవరిదో, వాళ్లనీ అడగాలి

2025 మే 25న కేరళ తీరానికి దగ్గర్లో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ మునిగిపోయింది. అందులో 640 కంటైనర్లున్నాయి. ప్రమాదకరమైన సరుకున్నవి 13. ఓడ ట్యాంకుల్లో డీజిల్, ఫర్నేస్ ఆయిల్ కలిపి 450 టన్నుల చిల్లర ఉంది. ఉన్న 24 మంది సిబ్బందీ బతికి బయటపడ్డారు, అది మేలు. తర్వాత కేరళ ప్రభుత్వం 9,531 కోట్ల రూపాయల పరిహారం కావాలని హైకోర్టుకెక్కింది. అదే గ్రూపు ఓడ ఇంకొకటి విళింజం రేవులో ఉంటే, దాన్ని కదలనివ్వకుండా ఉత్తర్వు తెచ్చుకుంది. అప్పట్నుంచి ఈ కేసు గురించి ఏ వార్త కనిపించినా చదువుతున్నాను.

ఎల్సా ట్యాంకర్ కాదు. దానిలో ఉన్న చమురంతా అది నడవడానికి పోసుకున్నదే. దానికే ఇంత జరిగితే, రెండు మూడు లక్షల టన్నుల ముడి చమురు మోసే ఓడకి ఏమైనా అయితే మన పరిస్థితి ఏమిటన్న ఆలోచన నన్ను వదల్లేదు. అది లేనిపోని భయం కూడా కాదు. 2020 సెప్టెంబర్ 3న శ్రీలంక తూర్పు తీరం దగ్గర న్యూ డైమండ్ అనే ట్యాంకర్ ఇంజన్ రూంలో మంటలు లేచాయి. ఫిలిప్పీన్స్‌కి చెందిన నావికుడు ఒకరు చనిపోయారు. ఓడలో దాదాపు 2,70,000 టన్నుల ముడి చమురు ఉంది. అది కువైట్ నుంచి పారాదీప్‌కి, ఇండియన్ ఆయిల్ కోసం వస్తోంది. మన కోస్ట్ గార్డూ, నేవీ, శ్రీలంక వాళ్లూ కలిసి రోజుల తరబడి నీళ్లు కొట్టి ఆ మంటలు ఆర్పారు. సరుకు ట్యాంకులకు నిప్పు అంటుకోలేదు. అంటుకుని ఉంటే ఆ ఓడ పేరు ఈపాటికి మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసి ఉండేది. నాకు తెలిసినవాళ్లలో ఇప్పుడు దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లే లేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సముద్రంలో చమురు ఒలికినప్పుడు బాధ్యత ఓడ యజమాని దగ్గర ఆగిపోకూడదు. ఆ సరుకు కొన్నవాళ్ల దాకా, ఆ ఓడను అద్దెకు మాట్లాడుకున్నవాళ్ల దాకా రావాలి. ఇప్పుడున్న చట్టం చాలావరకు వాళ్ల దాకా రానివ్వదు. దానికి కొన్ని మంచి కారణాలున్నాయి. వాటిని చదివాకా, వాటితో నాలో నేను చాలాకాలం వాదించుకున్నాకా కూడా నా అభిప్రాయం మారలేదు.

హైదరాబాద్‌లో కూర్చుని నీకెందుకివన్నీ అని ఆఫీసులో ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మనకి సముద్రం లేదు. కానీ ఈ నగరంలో తిరిగే బళ్లకి పోసే పెట్రోలు విశాఖ నుంచి విజయవాడ మీదుగా పైపులైన్లో వస్తుంది. ఘట్‌కేసర్ వైపు వెళ్తే ఆ ట్యాంకులు రోడ్డు మీంచే కనిపిస్తాయి. విశాఖ రిఫైనరీకి ముడి చమురు ఓడల్లో వస్తుంది. దేశం మొత్తం మీద వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొన్నదే. అంటే నేను కూకట్‌పల్లిలో బండికి పెట్రోలు కొట్టించుకున్న ప్రతిసారీ ఆ ఓడ ప్రయాణంలో నాకూ కొంత వాటా ఉన్నట్టే.

ఇంకొకటి కూడా ఉంది. నేనుండే నిజాంపేటకి పక్కనే, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. దేశానికి సునామీ హెచ్చరికలు ఇచ్చేది ఆ సంస్థే. సముద్రంలో ఎక్కడైనా చమురు ఒలికితే గాలినీ, ప్రవాహాలనీ లెక్కగట్టి, తెట్టు ఎటు కొట్టుకుపోతుందో, ఎప్పటికి ఏ తీరం చేరుతుందో అంచనా వేసేది కూడా అక్కడే. ఎల్సా మునిగినప్పుడు అంచనాలు వెళ్లింది ఇక్కడినుంచే. కంటికి కనపడని సముద్రంలో చమురు రేపు ఎక్కడుంటుందో చెప్పగలిగే వ్యవస్థ మన ఊళ్లో ఉంది. ఆ చమురు నష్టాన్ని ఎవరు భరించాలో చెప్పే వ్యవస్థ మాత్రం ఇప్పటికీ అంత స్పష్టంగా లేదు.

కెప్టెన్ ఎప్పుడూ దొరుకుతాడు

మా పెద్దమ్మ కొడుకు ట్యాంకర్ల మీద, కెప్టెన్ తర్వాతి స్థానమైన చీఫ్ ఆఫీసర్‌గా చేస్తాడు. సెలవుకి వచ్చినప్పుడు మా ఇంట్లో నాలుగు రోజులుంటాడు. ఓడ కబుర్లు వాడు చెప్తుంటే వినాలి. సరుకు ఎక్కించే ముందు డెక్ మీద వాన నీళ్లు బయటికి పోయే కన్నాలుంటాయట, స్కప్పర్లంటారు. వాటన్నిటికీ బిరడాలు బిగించాలి. ఎక్కడైనా గొట్టం కారి ఒక చెంచాడు నూనె డెక్ మీద పడ్డా అది సముద్రంలోకి జారకూడదు కాబట్టి. వాన పడితే డెక్ మీద నీళ్లు నిలిచిపోతాయి. అప్పుడు ఒక మనిషి పక్కనే నిలబడి, నీళ్ల మీద నూనె మెరుపు లేదని చూసుకుని, బిరడా తీసి, నీళ్లు పోనిచ్చి మళ్లీ బిగించాలి. అర్ధరాత్రయినా అంతే. ఆయిల్ రికార్డు బుక్కని ఒకటుంటుంది. ఏ ట్యాంకు నుంచి ఏ ట్యాంకుకి ఏం మార్చారో, కడిగిన నీళ్లు ఎక్కడికి పంపారో ప్రతిదీ రాసి సంతకం పెట్టాలి, పేజీ నిండగానే కెప్టెన్ సంతకం. ఏ దేశం రేవులో అయినా ఇన్‌స్పెక్టర్ వచ్చి మొదట అడిగేవాటిలో అదొకటి. అంకె తేడా వస్తే ఉద్యోగం మాట అటుంచి, జైలు.

వాడు ఇవన్నీ చెప్తుంటే నాకు గౌరవం కలిగింది. కింది స్థాయిలో ఒక్క చుక్క దగ్గర ఇంత పట్టుదలగా ఉండే ఈ వ్యాపారంలో, పై స్థాయిలో ఓడ అసలు ఎవరిదో తెలుసుకోవడమే గగనం. ఓడ ఒక దేశంలో కాగితాల మీదున్న కంపెనీది. ఆ కంపెనీకి ఉండేది చాలాసార్లు ఆ ఒక్క ఓడే. జెండా ఇంకో దేశానిది, ఎక్కువగా పనామా, లైబీరియా, మార్షల్ దీవులు. సముద్రమే లేని మంగోలియా జెండాతో కూడా ఓడలు తిరుగుతున్నాయి. నడిపించే కంపెనీ మూడో దేశంలో, బీమా నాలుగో చోట, సిబ్బంది మనవాళ్లో ఫిలిప్పీన్స్ వాళ్లో. ప్రమాదం జరిగిన రోజున పోలీసులకి ఎదురుగా కనపడే మనిషి కెప్టెన్ ఒక్కడే. అందుకని అతన్నే పట్టుకుంటారు.

హెబెయ్ స్పిరిట్ కేసు నావికుల ఇళ్లలో అందరికీ తెలుసు. 2007 డిసెంబర్ 7న దక్షిణ కొరియా తీరంలో ఆ ట్యాంకర్ లంగరేసి నిలబడి ఉంది. శాంసంగ్ హెవీ ఇండస్ట్రీస్‌కి చెందిన క్రేను బార్జిని టగ్గులు లాక్కుపోతుంటే, అలజడిగా ఉన్న సముద్రంలో తీగ తెగి, ఆ బార్జి కొట్టుకొచ్చి నిలబడి ఉన్న ట్యాంకర్‌ని గుద్దింది. 10,000 టన్నులకు పైగా చమురు తేయాన్ తీరం మీదికి పోయింది. ఆ ట్యాంకర్ కెప్టెన్ జస్‌ప్రీత్ చావ్లా, చీఫ్ ఆఫీసర్ శ్యామ్ చేతన్, ఇద్దరూ భారతీయులే. కింది కోర్టు తప్పు లేదంది, పై కోర్టు ఉందని జైల్లో పెట్టింది, అక్కడి సుప్రీం కోర్టు జైలు శిక్ష కొట్టేసింది. ఇద్దరూ ఇంటికొచ్చేసరికి 2009 జూన్ అయింది. ఆగి ఉన్న ఓడలో ఉన్నందుకు ఏడాదిన్నర పరాయి దేశంలో ఇరుక్కుపోయారు. మా తమ్ముడిది కూడా చీఫ్ ఆఫీసర్ ఉద్యోగమే. ఆ పేర్లు ఎత్తితే మా పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లిపోతుంది.

1999 డిసెంబర్‌లో ఫ్రాన్స్ దగ్గర ఎరికా అనే ట్యాంకర్ రెండు ముక్కలైనప్పుడు కూడా సిబ్బంది భారతీయులే. కెప్టెన్ని అరెస్టు చేశారు. ఏళ్ల తర్వాత కోర్టు అతని తప్పు లేదని చెప్పింది. 2002లో ప్రెస్టీజ్ అనే ట్యాంకర్ పగుళ్లు బారి, దగ్గరికి రానివ్వండి, ఎక్కడైనా ప్రశాంతమైన నీళ్లలో ఆపుకుంటామని అడిగితే స్పెయిన్ సముద్రం లోపలికి తరిమింది. ఆరు రోజులకి అది విరిగి మునిగింది, గలీసియా తీరమంతా నల్లబడింది. 67 ఏళ్ల గ్రీకు కెప్టెన్ అపోస్తలోస్ మంగురాస్ 83 రోజులు జైల్లో ఉన్నాడు. బెయిలుకి అడిగింది 30 లక్షల యూరోలు.

కెప్టెన్లు తప్పులు చెయ్యరని నేను అనడం లేదు. మారిషస్ దగ్గర 2020లో వకాషియో అనే సరుకు ఓడ గట్టుకి అంత దగ్గరగా ఎందుకు వెళ్లిందో చదివితే ఒళ్లు మండుతుంది. ఫోన్ సిగ్నల్ కోసం ఓడని తీరం వైపు తిప్పారు. అలాంటి తప్పుకి శిక్ష పడాల్సిందే. కానీ ఒక మనిషిని లోపలేసినంత మాత్రాన తీరానికి న్యాయం జరిగినట్టు ప్రభుత్వాలు చూపించుకుంటున్నాయి. ఎరికా, ప్రెస్టీజ్ లాంటి పాతికేళ్ల పాత ఓడల్లో మందంగా, జిగురుగా ఉండే నూనె నింపి శీతాకాలపు అట్లాంటిక్ మీదికి పంపాలని నిర్ణయించింది కెప్టెన్ కాదు కదా.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది

1967లో ఇంగ్లండ్ దగ్గర టోరీ కాన్యన్ రాళ్లకెక్కి లక్ష టన్నులకు పైగా చమురు ఒలకబోసింది. దాన్ని తగలబెట్టడానికి విమానాల నుంచి బాంబులు కూడా వేశారు. ఆ అనుభవం నుంచి పుట్టిందే 1969 నాటి అంతర్జాతీయ ఒప్పందం. తర్వాత 1992లో దాన్ని మార్చారు, మన దేశం కూడా అందులో ఉంది. దాని పద్ధతి ఇది. ట్యాంకర్ నుంచి చమురు ఒలికితే తప్పు ఎవరిదని వెతకనక్కర్లేదు, ఓడ యజమానే కట్టాలి. యజమాని తప్పనిసరిగా బీమా తీసుకోవాలి. దానికి బదులుగా అతను కట్టేదానికి ఒక పరిమితి ఉంటుంది. అది చాలకపోతే అంతర్జాతీయ నిధి నుంచి మిగతాది వస్తుంది. ఆ నిధికి డబ్బు కట్టేది ఏడాదికి 1,50,000 టన్నులకు మించి చమురు ఓడల్లో దిగుమతి చేసుకునే కంపెనీలు. మన రిఫైనరీలు కూడా కడుతున్నాయి, ఎక్కువ కట్టే దేశాల్లో మనదొకటి.

ఇక్కడే నా మొదటి సందేహం వచ్చింది. సరుకు కొన్నవాళ్లు ఆ నిధికి కడుతూనే ఉన్నారు కదా, ఇంకా ఏం అడుగుతావు? నిజమే. పైగా ఈ పద్ధతిలో బాధితుడికి లాభం ఉంది. ఉప్పాడలో వల వేసే మనిషి లండన్ వెళ్లి ఏ కంపెనీకి ఏ కంపెనీ యజమానో తవ్వి తీయనక్కర్లేదు. ఒక్కరి మీద కేసు వేస్తే చాలు. అందరి మీదా వెయ్యనిస్తే లాయర్లు బాగుపడతారు, కేసు పదేళ్లు సాగుతుంది. 1978లో అమోకో కాడిజ్ ఫ్రాన్స్ తీరంలో 2,20,000 టన్నులు ఒలకబోస్తే, ఫ్రెంచ్ గ్రామాల వాళ్లు అమెరికా వెళ్లి ఆ ఓడ వెనకున్న చమురు కంపెనీ మీద గెలిచారు. మొత్తం తేలేసరికి 1992 వచ్చింది.

ఇంకో సందేహం ఇంతకంటే బలమైనది. ఈ వ్యవస్థ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. 1970లలో 700 టన్నులు దాటిన ట్యాంకర్ ప్రమాదాలు ఏడాదికి సగటున 24 పైచిలుకు జరిగేవి. 2010లలో అవి ఏడాదికి రెండు కూడా లేవు. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డీజ్ అనే ట్యాంకర్ చమురు ఒలకబోశాక అమెరికా పట్టుబట్టి తెచ్చిన డబుల్ హల్ నియమం, అంటే ఓడకి రెండు పొరల పొట్ట, ప్రపంచమంతా వచ్చింది. ఇంత మెరుగైనదాన్ని పట్టుకుని ఇంకా కోప్పడటం సబబేనా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

ఆ ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఆ ఒప్పందంలోనే ఉంది. నష్టం కావాలని చేశారనో, జరుగుతుందని తెలిసీ తెగించారనో రుజువైతే తప్ప, ఓడని అద్దెకు తీసుకున్నవాళ్ల మీద, నడిపించేవాళ్ల మీద పరిహారం కోసం దావా వెయ్యకూడదని అందులో రాసి ఉంది. నిధికి కట్టే చందా అందరికీ ఒకే లెక్కన ఉంటుంది. కొత్త ఓడని జాగ్రత్తగా ఎంచుకున్న కంపెనీ టన్నుకి ఎంత కడుతుందో, కిరాయి తక్కువని తుక్కు ఓడని మాట్లాడుకున్న కంపెనీ కూడా టన్నుకి అంతే కడుతుంది. మంచి ఓడ ఎంచుకోవడానికి చట్టం వైపు నుంచి ప్రోత్సాహం ఏమీ లేదు. నిధి ఇచ్చేదానికీ పరిమితి ఉంది. పెద్ద ట్యాంకర్ యజమాని కట్టేది ఎక్కువలో ఎక్కువ 8.977 కోట్ల ఎస్‌డీఆర్‌లు, నిధితో కలిపి మొత్తం 20.3 కోట్లు. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కలకి వాడే కొలత. ఆ మొత్తం మన రూపాయల్లో రెండు వేల కోట్ల పైమాట. దానిపైన ఇంకో అదనపు నిధి ఉంది, 75 కోట్ల ఎస్‌డీఆర్‌ల దాకా ఇస్తుంది. మన దేశం అందులో చేరలేదు. ఎల్సాకి వర్తించే నియమాలు వేరే, అయినా ట్యాంకర్ కాని ఆ ఒక్క ఓడకి కేరళ అడిగింది 9,531 కోట్లు. న్యూ డైమండ్ ఆ రోజు పగిలి ఉంటే రెండు వేల కోట్లు ఏ మూలకి?

డబ్బు ఉన్నా అది చేరాల్సినవాళ్లకి చేరడం ఇంకో కథ. మాది ఉప్పాడ వైపు. అక్కడ పడవ ఒడ్డుకి రాగానే చేపలకి పాట పెడతారు. వంజరాలు, చందువలు, కవళ్లు గుట్టలుగా పోసి, చుట్టూ మూగిన ఆడవాళ్లూ వ్యాపారులూ పాడుకుంటారు. పది నిమిషాల్లో అయిపోతుంది. చేతికి డబ్బొస్తుంది, డీజిల్ అప్పుకి కొంత అక్కడికక్కడే పోతుంది. ఎక్కడా చీటీ ఉండదు. రేపు తెట్టు వచ్చి రెండు నెలలు వేట ఆగిపోతే, నీ ఆదాయం ఎంతో రుజువు చూపించమని అడిగే అధికారికి ఆ మనిషి ఏం చూపిస్తాడు? హెబెయ్ స్పిరిట్ కేసులో లక్షకు పైగా క్లెయిములు వచ్చాయి, తేలడానికి పదేళ్లు దాటింది. లెక్కలు బాగా రాసుకునే కొరియాలోనే అలా ఉంటే, మన దగ్గర ఎలా ఉంటుందో తలుచుకుంటే గుబులుగా ఉంటుంది. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు రేవు వాళ్లు మొదట చమురు కాలుష్యమేమీ లేదన్నారు. తర్వాత కుర్రాళ్లు వందల మంది బక్కెట్లతో ఒడ్డున తోడి పోశారు.

ఎరికా తీర్పులో ఉన్న చిక్కు

చట్టం అడ్డున్నా ఒక్కసారి బాధ్యత సరుకు కంపెనీ దాకా వచ్చింది. ఎరికాని అద్దెకు తీసుకున్నది ఫ్రాన్స్ చమురు కంపెనీ టోటల్. ఓడ గట్టిగానే ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది రీనా అనే ఇటలీ సంస్థ. 2008లో పారిస్ కోర్టు టోటల్‌నీ, రీనానీ, ఓడ యజమానినీ, మేనేజర్నీ అందర్నీ దోషులన్నది. 2010లో అప్పీలు కోర్టు టోటల్ నేరం చేసిందంటూనే, ఒప్పందం ప్రకారం పరిహారం బాధ్యత దానికి లేదంది. 2012 సెప్టెంబర్ 25న పై కోర్టు ఆ రక్షణ కూడా తీసేసింది. తెలిసీ తెగించారు కాబట్టి పరిహారమూ కట్టాల్సిందేనంది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు చాలా సంతోషం వేసింది.

తర్వాత వివరాల్లోకి వెళ్తే ఒక చిక్కు కనపడింది. టోటల్‌ని పట్టించింది అది స్వయంగా చేసుకునే ఓడ తనిఖీ. పెద్ద చమురు కంపెనీలు ఓడని అద్దెకు తీసుకునే ముందు తమ మనుషుల్ని పంపి చూపించుకుంటాయి. చట్టం అడగకపోయినా చేసుకునే ఏర్పాటు అది. తనిఖీ చేస్తానని చెప్పి సరిగ్గా చెయ్యలేదు కాబట్టి తప్పు అని కోర్టు అన్నది. అంటే అసలు తనిఖీయే పెట్టుకోని కంపెనీ తప్పించుకుంటుందా? చూసినవాడికి శిక్ష, కళ్లు మూసుకున్నవాడికి రక్షణ ఐతే రేపు ఎవరూ చూడరు. నా వాదనకి ఇది పెద్ద దెబ్బ అని ఒప్పుకుంటాను. దీన్ని దాటాలంటే ఒకటే దారి కనిపిస్తోంది. తనిఖీని కంపెనీ ఇష్టానికి వదలకూడదు. సరుకు దిగుమతి చేసుకునే ప్రతి కంపెనీకీ అది చట్టపరమైన విధి కావాలి. చెయ్యకపోవడమే తప్పు కావాలి.

లాయర్ మిత్రుడితో ఇది వాదించినప్పుడు ఆయన నన్ను ఇరుకున పెట్టాడు. "లారీ ఎవరినో గుద్దితే లోపల ఉన్న సిమెంటు బస్తాల యజమానిని పట్టుకుంటామా?" అన్నాడు. చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. లారీకి నంబరు ప్లేటుంది, ఆర్సీ ఉంది, ఓనరు తెల్లారేసరికి దొరుకుతాడు. ఓడ యజమాని దొరకడు. సిమెంటు రోడ్డు మీద పడితే ఊడ్చేస్తాం. ముడి చమురు తీరం మీద పడితే మడ అడవి వేళ్ల దాకా పోతుంది. కోరంగి ఒక్కసారి నల్లబడితే నా జీవితకాలంలో మళ్లీ చూడలేను. సరుకే ప్రమాదకరమైనదైనప్పుడు దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నానో చూసుకోవాల్సిన బాధ్యత సరుకువాడికి ఉంటుంది.

ఇది మన న్యాయానికి కొత్త కూడా కాదు. భోపాల్ తర్వాత, ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ గ్యాస్ లీకు కేసులో 1986లో మన సుప్రీం కోర్టు చెప్పింది. ప్రమాదకరమైన పని చేసి లాభం తీసుకునేవాడు నష్టం మొత్తం భరించాలి, మినహాయింపులు లేవు, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలి. నేల మీద ఇంత గట్టిగా ఉన్న సూత్రం సముద్రం దగ్గరికొచ్చేసరికి పరిమితులకి లోబడిపోతోంది. 2011లో ముంబై దగ్గర మునిగిన బొగ్గు ఓడ ఎంవీ రాక్ కేసులో 2016లో హరిత ట్రిబ్యునల్ ఓడ కంపెనీకి 100 కోట్లు వేసి, సరుకు తెప్పించుకుంటున్న అదానీ ఎంటర్‌ప్రైజెస్‌కి కూడా 5 కోట్లు వేసింది. అంకె చిన్నదే. కానీ సరుకువాళ్లని కూడా అడగవచ్చని ఒక భారతీయ ట్రిబ్యునల్ చేసి చూపించింది. నేను అడిగేది ఆ దారిలో ఇంకొంచెం ముందుకి వెళ్లమని.

పేరు మార్చుకున్న ఓడలు

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్తాను. 2022 తర్వాత పరిస్థితి మారింది. ఆంక్షలున్న చమురు మోయడానికి వందల సంఖ్యలో పాత ట్యాంకర్లు చేతులు మారాయి. తుక్కుకి పోవాల్సిన వయసులో కొత్త పేర్లూ కొత్త జెండాలూ పెట్టుకుని తిరుగుతున్నాయి. ఎక్కడున్నాయో తెలియకుండా సిగ్నల్ ఆపేస్తాయి, నడిసముద్రంలో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకి చమురు మార్చుకుంటాయి. 2023 మే 1న మలేషియా దగ్గర పాబ్లో అనే ట్యాంకర్ పేలిపోయింది. 26 ఏళ్ల ఓడ, గాబన్ జెండా. ముగ్గురు గల్లంతయ్యారు. నాది అని ముందుకొచ్చిన యజమాని లేడు, నేను కడతానన్న బీమా కంపెనీ లేదు. ఖాళీ ట్యాంకులతో ఉంది కాబట్టి తీరాలు బతికిపోయాయి.

పైన చెప్పుకున్న ఒప్పందమంతా ఓడ యజమాని, అతని బీమా అనే రెండు కాళ్ల మీద నిలబడి ఉంది. 1970ల నుంచి ప్రమాదాలు తగ్గాయన్న లెక్క చూపించి నిశ్చింతగా ఉండొచ్చని ఇప్పుడు నేను అనుకోలేను. ఆ తగ్గుదల తెచ్చిన వ్యవస్థకి బయట ఇంకో నౌకాదళం తయారైంది.

మన దేశం ఇందులో ప్రేక్షకుడు కాదు. 2021లో మనం కొన్న చమురులో రష్యాది రెండు శాతం అటూఇటూ, 2023కి మూడో వంతు దాటింది. చవకగా వచ్చింది, కొన్నాం. అలా కొనడం తప్పా ఒప్పా అన్న రాజకీయం వేరే. ఇంత జనాభా ఉన్న దేశం చవకైన చమురు వెతుక్కోవడాన్ని నేను తప్పు పట్టను. నా అభ్యంతరం కొన్న పద్ధతి మీద. ఈ చమురు ఎక్కువగా "మా రేవుకి తెచ్చి ఇవ్వు" అన్న పద్ధతిలో కొన్నారు. ఓడ, కిరాయి, బీమా అన్నీ అమ్మేవాడే చూసుకుంటాడు. ఓడ యజమానులు కలిసి నడుపుకునే అంతర్జాతీయ బీమా క్లబ్బుల్లో లేని కొన్ని రష్యా బీమా కంపెనీల కాగితాలని మన షిప్పింగ్ డైరెక్టరేట్ అంగీకరించింది కూడా. రేపు ఏదైనా అయితే ఓడ మాది కాదు, మేం మాట్లాడుకోలేదు అనవచ్చు. ఒప్పందం ప్రకారం అది సరైన జవాబే. విశాఖ జాలరిపేట వాళ్లకి మాత్రం ఆ జవాబుతో ఏ ఉపయోగమూ లేదు.

మా తమ్ముడికి ఈసారి సెలవులో ఒక ఏజెంట్ ఫోన్ చేశాడు. ఇప్పుడొస్తున్న జీతం కంటే చాలా ఎక్కువ, వెంటనే చేరాలి అన్నాడు. వీడు హాల్లోనే స్పీకర్ పెట్టి మాట్లాడాడు. ఐఎంఓ నంబరు చెప్పమన్నాడు. పేరు ఎన్నిసార్లు మార్చినా ఓడతో పాటే ఉండిపోయే నంబరు అది. తర్వాత పంపుతానన్నాడు ఏజెంట్. పీ అండ్ ఐ ఎవరిది, అంటే బీమా ఎవరిది అని అడిగాడు. "ఇవన్నీ మీకెందుకండీ, జీతం టైముకి పడుతుంది కదా" అన్నాడు. "రేపు ఏదైనా అయితే జైలుకెళ్లేది నేనే కదండీ, నాకు కాకపోతే ఎవరికి కావాలి" అన్నాడు మావాడు. అటువైపు ఫోన్ పెట్టేశారు. మా తమ్ముడికి మంచి కంపెనీలో అనుభవం ఉంది కాబట్టి వద్దనగలిగాడు. శ్రీకాకుళంలోనో భీమిలిలోనో లక్షలు అప్పుచేసి శిక్షణ పూర్తిచేసిన కుర్రాడు వద్దనగలడా? ఒక చీఫ్ ఆఫీసర్ ఫోన్లో రెండు నిమిషాల్లో అడిగిన రెండు ప్రశ్నలని, వేల కోట్ల చమురు కొనే కంపెనీ అడగలేదంటే నేను నమ్మను. అడగాల్సిన అవసరం చట్టం కల్పించలేదు, అంతే.

2025 ఆగస్టులో పార్లమెంటు కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం ఆమోదించింది. 1958 నాటి చట్టం స్థానంలో వచ్చింది అది. దాని కింద నియమాలు రాసేవాళ్లని నేను కోరేవి పెద్దగా లేవు. మన రేవుకి వచ్చే ప్రతి చమురు ఓడ వయసు, ఐఎంఓ నంబరు, అసలు యజమాని, బీమా కంపెనీ, సరుకు ఎవరిది, ఈ వివరాలు ఎవరైనా చూసుకునేలా బయట పెట్టాలి. సరుకు తీసుకునే కంపెనీ ఓడని తనిఖీ చేయించడం విధి కావాలి, "తెచ్చి ఇవ్వు" పద్ధతిలో కొన్నా సరే. బీమా చాలకపోయినా, యజమాని మాయమైనా మిగతాది ఆ కంపెనీ భరించాలి. అదనపు నిధిలో మన దేశం చేరాలి. వేటగాళ్ల ఆదాయాన్ని ఇప్పట్నుంచే, ప్రమాదం రాకముందే, మత్స్యశాఖ ఊరూరా నమోదు చేసి పెట్టాలి. ఒప్పందానికి ఇందులో కొన్ని అడ్డొస్తాయని లాయర్ మిత్రుడు హెచ్చరించాడు. దావా వేసే హక్కు ఇవ్వడానికి అడ్డు రావచ్చు. రేవులోకి రానివ్వడానికి షరతు పెట్టడానికి మాత్రం అంత అడ్డు రాదని నా ఆశ. అమెరికా ఆ ఒప్పందంలో చేరకుండానే 1990లో తన సొంత చట్టం చేసుకుంది, ఓడలు అమెరికాకి వెళ్లడం మానలేదు.

దీనివల్ల చమురు కొంత ప్రియమవుతుంది. మంచి ఓడకి కిరాయి ఎక్కువ, మంచి బీమాకి ప్రీమియం ఎక్కువ. ఆ భారం చివరికి కూకట్‌పల్లి బంకులో నా మీదా, ఆటో నడిపే మనిషి మీదా పడుతుంది. నా సంగతి వదిలేసినా, ఆటో మనిషికి లీటరుకి అర్ధరూపాయి పెరిగినా బరువేనని తెలుసు. కానీ ఆ అర్ధరూపాయి ఇప్పుడు కూడా ఎవరో భరిస్తూనే ఉన్నారు. ఉప్పాడలో, జాలరిపేటలో ఉన్నవాళ్లు తమకి తెలియకుండానే ఆ ప్రమాదాన్ని మోస్తున్నారు, వాళ్లని ఎవరూ అడగలేదు. ప్రభుత్వం పెట్రోలు మీద వేసే పన్నుల్లోంచి ఆటోలకి వెసులుబాటు ఇవ్వడం కష్టం కాదు. నల్లబడిన కోరంగిని మళ్లీ పచ్చగా చెయ్యడం ఏ బడ్జెట్ వల్లా కాదు.